వంతెన దగ్గర జర్మన్ పాఠం

చీఫ్ జయపాల్ ఫోన్‌లో అర్చనకు బ్రీఫింగ్ రెండు మాటల్లో ముగించాడు. ముఠా ఈరోజే కదులుతోంది. వ్యాన్ ఏ రోడ్డు మీదుందో తెలియదు.

ఆన్‌లైన్‌లో జర్మన్ నేర్పి, నర్సు ఉద్యోగాలని ఆశపెట్టి, అమ్మాయిలను పరాయి దేశంలోని సైబర్ మోసాల డెన్‌కు అమ్మేయడం ఆ ముఠా పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అమ్మాయిలంతా ఆ వ్యాన్‌లోనే ఉన్నారు.

“సుహాసిని వాళ్లతోనే ఉంది. ఎవరి మనిషో ఇప్పటికీ తేలలేదు. నమ్మకు,” అన్నాడు చీఫ్.

ఎర్ర లిప్‌స్టిక్, పట్టుచీర, ముఠాలో మేనేజర్ హోదా. డిపార్ట్‌మెంట్ నుంచీ జీతం తీసుకునే డబుల్ ఏజెంట్ ఆమె.

గద్వాలలోని అద్దె గదిలో ఏజెంట్ అర్చన ల్యాప్‌టాప్ తెరిచింది. ఒళ్లంతా అలసట. ముఠా ఆన్‌లైన్ క్లాసులో టీచర్ వేషం కోసం నెలల తరబడి జర్మన్ తాను ముందు నేర్చుకుని, తర్వాత పాఠం చెప్పింది. నెట్ పోయినప్పుడల్లా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్లాసులోకి లాక్కొచ్చింది. గొంతు సగం పోయింది.

అమ్మాయిల ఫోన్లు లాక్కున్నారు. క్లాసు నడిస్తే దారిలో గోల చేయరని చెప్పి సుహాసినే వ్యాన్‌లో ట్యాబ్ ఆన్ చేసింది. దాని లొకేషన్ మాత్రం ఏదో విదేశాన్ని చూపిస్తోంది.

కిటికీలోంచి ఏం కనబడుతోందో జర్మన్‌లో చెప్పమంది అర్చన.

కోడేరు అమ్మాయి శిల్ప తడబడుతూ చెప్పింది. పత్తి చేలు. మానవపాడు బోర్డు దాటాం. ఇప్పుడు హైవే, లారీలు. ముందు పెద్ద నది.

తుంగభద్ర వంతెన. అర్చన రెండో ఫోన్‌లో చీఫ్‌కు మెసేజ్ కొట్టింది.

వ్యాన్ నడుపుతున్న ప్రదీప్‌కు అనుమానం వచ్చింది. “మానవపాడు అంటుందేంది ఆ పిల్ల? ఏం చెప్తుంది మేడం?”

సుహాసినికి జర్మన్ బాగా వచ్చు. శిల్ప చెప్పిందంతా ఆమెకు అర్థమైంది.

“వాళ్ల మేనమామ ఊరంట. నువ్వు జర రోడ్డు చూడు,” అంది సుహాసిని. ఆపై ట్యాబ్ వైపు వంగి, అంకెలు కూడా వల్లె వేయిద్దామంటూ వ్యాన్ నంబరు మొత్తం జర్మన్‌లో చదివింది.

వంతెన మొదట్లో పోలీసులు లారీ అడ్డం పెట్టారు. బ్రేకుల చప్పుడు, అరుపులు. కాసేపటికి శిల్ప ముఖం తెర మీదికి వచ్చింది.

“పోలీసోళ్లు ఆపిండ్రు మేడం. మాకేం కాలే. గానీ... ఇగ మేం జర్మనీ పోమా?”

“ఈ వ్యాన్‌లో కాదు,” అంది అర్చన.

మిషన్ అయిపోయింది, లింక్ కట్ చేసి వచ్చేయమన్నాడు చీఫ్. ట్యాబ్ చుట్టూ ముఖాలు ఒక్కొక్కటిగా చేరాయి. ఎవరూ కాల్ కట్ చేయలేదు.

అర్చన కళ్లు నులుముకుని, ఆఫీసుకు సెలవు అర్జీ పంపింది. కారణం దగ్గర ఇలా రాసింది: జర్మన్ క్లాసులో భూతకాలం పాఠం ఇంకా మొదలుపెట్టలేదు.