ఎడమ కన్ను ముందు

ఆళ్లగడ్డ దాటి నంద్యాల రోడ్డు పట్టుకుంటే శిల్పాల షెడ్డొకటి వస్తుంది. దాని వెనక గదికి చెడ్డపేరు. పొద్దు గుంకినాక ఎవరూ ఆ గడప తొక్కరు.

రాయి చెక్కే మిషన్‌కు బొమ్మలందించే సర్వరు కంప్యూటర్ ఆ గదిలోనే ఉంది. పగలంతా బుద్ధిగా పనిచేస్తుంది. రాత్రి అమ్మవారి కళ్ళ దగ్గరికి వచ్చేసరికి... తెర నల్లబడి, మిషన్ టక్కున ఆగిపోతుంది.

వరసగా నాలుగు రాత్రులు!

సుబ్బయ్య పగబట్టినాడని అందరూ గుసగుసలు పోయినారు. ముప్పై ఏళ్ళు ఆ షెడ్లో ఉలి పట్టిన మనిషి. ఓనరు వెంకటేష్ ఆయన బొమ్మలన్నీ ఫోటోలు తీయించి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. ఆ సాయంత్రమే, "రేపట్నుంచి రావద్దు సుబ్బయ్యా" అన్నాడు. ఆ ఎండాకాలం దాటకుండానే సుబ్బయ్య కన్నుమూసినాడు.

ఐదో దినం నంద్యాల నుంచి లూదియా మళ్ళీ వచ్చింది. మిషన్లు బాగుచేసే పిల్ల. ఆ జీతంతోనే ఇల్లు గడవాల. బస్సు దిగకముందే వెంకటేష్ ఫోను:

"పొద్దున బొమ్మ కోసం గుడోళ్ళు వస్తాండారు. ఈ రాత్రి కండ్లు రాకపోతే నువ్వూ రేపట్నుంచి రావద్దు."

సర్వరు పెట్టె విప్పింది. రాతిదుమ్ము బ్రష్షుతో దులిపింది. వైర్లు మార్చింది. ఏమీ తేలలేదు. చివరికి, మిషన్ తనకు తానే రాసిపెట్టుకునే చిట్టా తెరిచి చూసింది—

రోజూ సాయంత్రం ఆరూ నలభైకి కొత్త డ్రైవర్ ఎక్కుతాంది! బొమ్మను తెర మీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డును నడిపే ప్రోగ్రామది. ఆ కార్డు పాతది, కొత్త డ్రైవర్ దానికి పడదు. సన్నని గీతలుండే కండ్ల దగ్గర బరువు ఆపలేక కూలిపోతాంది. రోజూ పొద్దున తను ఫోనులో చెప్పి నిన్నటి స్థితికి తెప్పిస్తే, సాయంత్రానికి మళ్ళా అదే.

'దెయ్యానికి డ్రైవర్ ఎక్కించేది ఏం తెలుసు?' అనుకుంది లూదియా. లైటు ఆర్పి తలుపు వెనక నక్కింది.

ఆరున్నర దాటింది. చర్... చర్... చీపురు చప్పుడు. గాజుల్లేని చెయ్యొకటి మౌసు మీద పడింది.

"ఎవరూ?"

"నేనేలే పాపా."

సుబ్బయ్య పెండ్లాం కమలాక్షమ్మ! షెడ్డు ఊడ్చేది ఆమే.

"నువ్వా అవ్వా? ఎవరు నేర్పినారు నీకు?"

"నువ్వే గదా. 'అవ్వా, తెర మీద ఈ పెట్టె వచ్చి కొత్తది ఎక్కించాల్నా అంటే అవును నొక్కద్దు, మిషన్ చస్తుంది' అన్లా? ఆ అవును యాడుందో గుర్తుపెట్టుకున్యా."

"ఎందుకవ్వా ఇట్ల?"

"అమ్మవారి కండ్లు తెరిచేముందు ఆయన మూడు దినాలు ఒంటిపూట ఉండేటోడు. తలకు పోసుకొని ఉలి పట్టేటోడు. ఎడమచేతి వాటం... ఈ షెడ్లో అందరూ కుడికన్ను ముందు తెరిస్తే, ఆయన ఎడమది. ఆ చేతిని ఎల్లగొట్టి మిషన్‌తో తెరిపిస్తాడా ఓనరు? నేనుండగా కానీను."

"కండ్లు రాకపోతే నన్నూ రేపట్నుంచి రావద్దన్నాడవ్వా."

"అదే మాటా?"

"అదే మాట."

కమలాక్షమ్మ మౌసు మీది చెయ్యి తీసేసింది. "సరిచెయ్ పో. నీ కూడు నేను పడగొట్టను."

లూదియా కొత్త డ్రైవర్ తీసేసి పాతది ఎక్కించింది. మళ్ళా కొత్తది దిగకుండా నెట్టు వైరు పీకి సంచిలో వేసుకుంది. గదికి తాళం. తాళంచెవి తన గుప్పిట్లో. ఇద్దరూ అమ్మవారి రాయి ముందు కూర్చున్నారు.

మిషన్ ముఖం మీద మళ్ళా మొదటినుంచి కదిలింది. చెంపలు... ముక్కు... కనుబొమలు...

కండ్ల దగ్గర ఆగిపోయింది. షెడ్డంతా చీకటి.

టక్... టక్... టక్...

ఉలి చప్పుడు!

కమలాక్షమ్మ లూదియా మణికట్టు పట్టుకుంది. "నేను కాదు పాపా..."

చప్పుడు ఆగినాక లూదియా సెల్లు లైటేసింది. అమ్మవారి కుడికన్ను ఉత్త రాయి. ఎడమ కన్ను తెరుచుకొని ఉంది. సూటిగా కాదు— మూలనున్న వెంకటేష్ కుర్చీ వైపే చూస్తాంది.

పొద్దున వెంకటేష్ వచ్చి ఆ కుర్చీలోనే కూలబడినాడు. "ఒక్క కన్నేందీ? లూదియా, నువ్వు రేపట్నుంచి..." తలెత్తి ఆగిపోయినాడు. కుర్చీని ఈ మూల నుంచి ఆ మూలకు ఈడ్చుకున్నాడు. "రేపట్నుంచి..."

మళ్ళా తలెత్తినాడు.

అమ్మవారి చూపూ ఆ మూలకు తిరిగింది.

"...రా తల్లీ," అన్నాడు. "నువ్వు రోజూ రా."

అమ్మవారు కుడికన్ను ఇంకా తెరవలేదు.