ఒక్క చెయ్యి తక్కువ

"మీరు జవాబు చెప్పలేదు, మిస్టర్ కివేలా."

వెస్లీ కివేలా కంగుతిన్నాడు. కూర్చున్నది మూడో తరగతి పిల్లల కుర్చీలో. ఆరడుగుల మనిషి, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగా స్కూలు లైబ్రరీ బల్ల వెనక టీచర్ల యూనియన్ కమిటీ. రాష్ట్ర అసెంబ్లీకి పోటీ చేసే ప్రతి ఒక్కరినీ పిలిచి, అవే ప్రశ్నలు అదే వరుసలో అడుగుతారు. అభ్యర్థి ఏం చెప్పినా నవ్వకూడదు, తలాడించకూడదు. అది వాళ్ల నియమం. వెస్లీ అప్పటికే రెండు జోకులు వేసి నవ్వులపాలైనా కాలేకపోయాడు.

"తరగతికి ఎంతమంది పిల్లలుండాలంటే, పరిస్థితిని బట్టి అన్నాను కదండీ!"

"మా పిల్లలు అలా రాస్తే మళ్లీ రాయమంటాను," అంది మారెన్ టోలెఫ్‌సన్. మూడో తరగతి టీచరు. గోధుమరంగు జడ, చురుకైన కళ్లు. చిరునవ్వు మాత్రం ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చినట్టుంది.

వెస్లీకి ఉక్రోషం వచ్చింది. "టైర్ల షాపు నడుపుకునేవాణ్ని. నాకు తెలీదు. తెలుసని బుకాయించమంటారా?"

కమిటీ పెద్ద ఓపల్ డ్రెక్స్‌లర్, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ టీచరమ్మ, కళ్లజోడు మీదుగా చూసింది. "వేసవి బడి నడుస్తోంది కదా నాయనా. వెళ్లి చూసి తెలుసుకో."

వెళ్లాడు. మారెన్ తరగతిలో ఓ మూల నిలబడ్డాడు. ముప్ఫై నలుగురు పిల్లలు. ఒకడు ఏడుస్తున్నాడు, ఒకమ్మాయి బల్ల కింద దూరింది, ఇద్దరు పెన్సిల్ కోసం కొట్టుకుంటున్నారు. తనైతే ఈపాటికి కిటికీలోంచి దూకి పారిపోయేవాడు.

మారెన్ గొంతు పెంచలేదు, తగ్గించింది. ఆ మాట వినపడక పిల్లలు చెవులు రిక్కించారు. ఒక్కొక్కరే సద్దుమణిగారు. ఏడ్చేవాడి భుజం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో బోర్డు మీద భాగహారం చేసింది. బల్ల కింద పిల్లని పైకి రమ్మనలేదు. పుస్తకాన్నే కిందికి అందించింది.

వెస్లీ నోరు వెళ్లబెట్టి చూస్తుండిపోయాడు. చలికాలం ఆకాశంలో ఉత్తరాన ధ్రువజ్యోతుల ఆకుపచ్చ వెలుగులు ఆడుతుంటే చూస్తూ పెరిగినవాడే. ఇంత అబ్బురం అప్పుడూ కలగలేదు.

గంట కొట్టాక, "ఇరవై మంది," అన్నాడు.

"ఏమిటి?"

"మీ ప్రశ్నకి జవాబు. ముప్ఫై నలుగురితో మీరు చేసేది పాఠం కాదండీ, ఇంద్రజాలం. అందర్నీ ఇంద్రజాలం చెయ్యమనడం అన్యాయం."

అప్పుడు నవ్వింది మారెన్. కమిటీ గదిలో లేదు కాబట్టి నవ్వొచ్చు.

ఆ వేసవంతా వానలే. ఒకరోజు సరస్సు ఒడ్డున కాఫీ హోటల్ చూరు కింద ఇద్దరూ చిక్కుబడిపోయారు.

"నీ ప్రచార కరపత్రంలో మూడు తప్పులున్నాయి తెలుసా?" అంది మారెన్.

"ఎర్ర పెన్నుతో దిద్దేశావా?"

"దిద్దాను. మార్కులు కూడా వేశాను. చెప్పను."

వాన తగ్గినా ఎవరూ కదల్లేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు కూడా.

కానీ ఆగస్టు వచ్చేసరికి మారెన్ మొహం చాటేసింది. "యూనియన్ మీటింగ్ అయ్యేదాకా కలవొద్దు," అని ఫోన్ పెట్టేసింది. యూనియన్ మద్దతిస్తే ఊళ్లో టీచర్లందరూ వెస్లీ కోసం గడపగడపకీ తిరుగుతారు. లేకపోతే, అయిదుసార్లు గెలిచిన ఆల్డెన్ ప్రూయిట్ మీద టైర్లవాడు నెగ్గడం కల్ల. ఓట్లు వేసినవాళ్లలో నూటికి అరవై మంది చెయ్యెత్తాలి. లెక్క అంచు మీద ఉందని అందరికీ తెలుసు. మారెన్ చెయ్యి మీద అతనికి బోలెడు ఆశ.

మీటింగ్ హాల్లో అందరూ వండి తెచ్చిన హాట్‌డిష్ కూరలు, కాఫీ కలిసి ఘుమఘుమలాడుతున్నాయి. అభ్యర్థులు వెనక వరసలో కూర్చోవాలి, నోరు మెదపకూడదు. ప్రూయిట్ ధీమాగా కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఓటింగుకి ముందు ఓపల్ ఎప్పటిలాగే అడిగింది. "అభ్యర్థులతో చుట్టరికం గానీ, వ్యాపారం గానీ, మరే సంబంధం గానీ ఉన్నవాళ్లు లేచి చెప్పండి. పక్కకి వెళ్లి కూర్చోండి. ఓటుండదు."

ఎవరూ లేవరనుకుని ఆవిడ కాగితం తిప్పేలోపు మారెన్ లేచింది.

"నాకు కివేలా గారితో సంబంధం ఉంది."

ఓపల్ కలం తీసింది.

"ఏ రకం సంబంధం తల్లీ? మినిట్స్‌లో రాయాలి."

"ఆయన్ని ప్రేమిస్తున్నానని రాయండి." మారెన్ చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం వణకలేదు. "ఆయనకి ఇంకా తెలీదు."

ఎవరిదో చెంచా కిందపడింది. వెస్లీ లేవబోయాడు. "అభ్యర్థి మాట్లాడకూడదు!" అని ఓపల్ వేలు చూపించింది. కూలబడ్డాడు. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని అతనికి ఆ రోజే తెలిసింది.

మారెన్ తల ఎత్తుకునే నడిచివెళ్లి గోడవార కుర్చీలో కూర్చుంది. ఏమీ చెప్పకుండా చెయ్యెత్తి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

వెస్లీ పేరుకి చేతులు లేచాయి. ఓపల్ రెండుసార్లు లెక్కపెట్టింది. "ఒక్కటి తక్కువైంది. ఈ సీటుకి మన మద్దతు ఎవరికీ లేదు."

ప్రూయిట్ అదిరిపడి పక్కకి చూశాడు. ఓడిన వెస్లీ పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

మారెన్ అప్పటికే బయట వానలో ఉంది. వెస్లీ పరుగెత్తాడు.

"నిన్ను ముంచేశాను," అంది ఆమె. ఇప్పుడు వణికింది గొంతు. "నా చెయ్యి ఉంటే గెలిచేవాడివి."

"నాకు చెప్పకుండా ఊరందరికీ చెప్పేశావే!"

"ముందు నీకు చెబితే నువ్వు వద్దనేవాడివి. అప్పుడు నేను లేవలేకపోయేదాన్ని."

ఇలాంటి మనిషి తనని ప్రేమించిందా అని వెస్లీ నిలువునా తడుస్తూ ఆమెనే చూశాడు. "మారెన్, ఆ తరగతి గది మూలలో నిలబడ్డ రోజే నేను నీవాణ్నైపోయాను. చెబితే ఓటు కోసం అనుకుంటావని నోరు కట్టేసుకున్నాను."

వెనక తలుపు తెరుచుకుంది. ఓపల్, ఆవిడ వెనక గొడుగులతో మరికొందరు టీచర్లు.

"యూనియన్ తరఫున రాలేం నాయనా," అంది ఓపల్. "శనివారం సెలవు కదా, మా కాళ్లు మావే. ఏ వీధి నుంచి మొదలెట్టమంటావు?"

మారెన్ ఏడుస్తూ నవ్వింది. వెస్లీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నవంబర్ ఎన్నికల్లో అయినా నీ ఓటు నాకేనా?"

"అది రహస్య బ్యాలెట్," అంది మారెన్. "అడగడం నియమ విరుద్ధం." అని అందరూ చూస్తుండగానే అతన్ని ముద్దుపెట్టుకుంది.