రెండుసార్లు తడితే...

కత్తి ఎగిరిపోయింది!

ఎగిరి మామిడికాయల గుట్టలో పడింది. అంకారావు ఖాళీ చేతిని నమ్మలేనట్టు చూసుకుంటున్నాడు.

జ్ఞానమణి రొప్పుతోంది.

తిరువూరు శివారు మామిడితోట. డెబ్భై ఆరు, మే నెల. మిట్టమధ్యాహ్నం. వడగాలికి రోడ్డు మీద పురుగైనా లేదు. అరిచినా వచ్చేవాడు లేడు.

పాక గుంజకు ఆనుకుని అన్నయ్య రాయప్ప. ఈ తోటకు కాపలాదారు. పొట్టకు అదిమిపెట్టిన తువ్వాలు ఎర్రగా తడిసిపోయింది. తోట గుత్తకు తీసుకున్న అంకారావు, తన వాటాదారు సీతారామారావును చంపి బావిలో పడేస్తుంటే ఇందాక రాయప్ప చూశాడు. చూసినందుకు కత్తిపోటు! రెండో పోటు పడేలోపు అన్నం క్యారేజీతో వచ్చిన చెల్లెలు అడ్డం పడింది.

ఆస్పత్రికి చేరిస్తే బతుకుతాడు. చేర్చాలంటే ముందు వీణ్ణి దాటాలి...

"ఆడదానివి... నన్ను ఆపుతావే నువ్వు?"

అంకారావు గుద్దు విసిరాడు. నిండు బుట్టని ఒంటిచేత్తో ఎత్తే మనిషి. తగిలితే దవడ మిగలదు!

తగల్లేదు.

ఆమె వంగింది. ఆ చెయ్యే దొరకబుచ్చుకుని, వాడి నడుం కింద దూరి, వాడి విసురుతోనే వాణ్ణి తిప్పి నేలకేసి కొట్టింది.

ధడేల్!

పాపం, వాడికిది రెండోసారి. పోయినవారం హైస్కూల్ గ్రౌండులో జూడో ప్రదర్శన. హైదరాబాదులో రెండేళ్ళు నేర్చుకొచ్చిన పిల్ల. 'మగాళ్ళెవరైనా రావచ్చు' అని మైకులో పిలిస్తే, మీసాలు దువ్వుకుంటూ ముగ్గురు దిగారు. ముగ్గురూ మట్టికరిచారు. అందులో వీడొకడు. ఊరంతా ఒకటే నవ్వు! కండ ఉంటే సరిపోతుందా, దాన్నెటు వాడాలో తెలియొద్దూ?

లేవబోతున్న వాడి మెడకు వెనకనుంచి చెయ్యి చుట్టింది. బిగించింది.

"వదలకు మణీ! వదిలావా, ఇద్దరం చచ్చామే!" రాయప్ప గొంతు పీలగా వస్తోంది.

అంకారావు మొహం నల్లబడుతోంది. గోళ్ళతో ఆమె చేతిని చీరేస్తున్నాడు. ఇంకొక్క క్షణం... ప్రభువా, ఒక్క క్షణం!

వాడి అరచెయ్యి నేలను తట్టింది.

టప్. టప్.

ఆమె చేతులు విడిపోయాయి!

కావాలని విడవలేదు. రెండేళ్ళ అలవాటు! అవతలివాడు రెండుసార్లు తట్టాడంటే ఓడిపోయానని ఒప్పుకున్నట్టు. వెంటనే వదిలెయ్యాలి, ఆలోచించకూడదు. మాస్టారు మొదటిరోజు నేర్పిన పాఠమది. ప్రదర్శనలో వీడు అలాగే తట్టి బయటపడ్డాడు. దాన్ని గుర్తుపెట్టుకున్నాడు!

"అయ్యో... ఎంత పని చేశాను!"

అంకారావు దొర్లుకుంటూ పాకలోకి వెళ్ళి, చూరులోంచి తుపాకీ లాగాడు. కోతుల్ని తోలే నాటు తుపాకీ.

"ఇది ఆట కాదే పిచ్చిదానా!"

గురి సూటిగా ఆమె గుండెకే.

ఢాం!

తగిలింది ఆమెకు కాదు. ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో ఆ సత్తువ, రాయప్ప లేచి మధ్యకు వచ్చేశాడు. వచ్చి, చెల్లెలి కాళ్ళ దగ్గర కూలిపోయాడు.

"అన్నయ్యా!"

ఊపిరి లేదు.

నాటు తుపాకీలో ఒక్క గుండే. మళ్ళీ కాల్చాలంటే మందు కూరాలి. అంకారావు కంగారుగా కూరుతున్నాడు. మందు నేల మీద ఒలికిపోతోంది...

ఆమె వాడి మీద పడింది. అదే మెడ. అదే పట్టు.

టప్. టప్.

ఆమె అన్నయ్య మొహంలోకి చూస్తోంది.

టప్. టప్. టప్...

టప్.

తర్వాత తట్టడం ఆగిపోయింది. ఆమె చేతులు మాత్రం విడలేదు.