బర్రెకు సున్నా మార్కులు

"సంతకం పెట్ట సార్. పెట్టనంటే పెట్ట."

హెప్సిబా టీచర్ నాతో అన్న మొదటి మాట ఇదే. నమస్తే కూడా లేదు.

నా పేరు దినేష్. వనపర్తిలో విద్యాశాఖ లెక్కలు చూసే ఉద్యోగం. చదువు ప్రమాణాల కోసం పైనుంచి బొమ్మల కార్డులు వచ్చాయి. అవి వాడుతున్నామని ప్రతి బడీ సంతకం చేయాలి. మార్చి ముప్పై ఒకటి దాటితే మిగిలిన డబ్బంతా వెనక్కి పోతుంది. నలభై బడులు కళ్లు మూసుకుని సంతకాలు పెట్టేశాయి. ఆత్మకూరు దగ్గరున్న ఈ చిన్న బడి ఒక్కటే మిగిలింది.

"ఏమైంది మేడం?"

"సుమనా, ఇట్ల రా," అని రెండో తరగతి పాపను పిలిచి ఒక కార్డు చూపించింది. "ఇదేంది?"

"బర్రె!"

"తప్పంట. కార్డు ఎనక గేదె అని ఉంది. గిట్ల మన మాట చెప్పినోళ్లందరికి సున్నా. పదహారు మంది పిల్లలు ప్రమాణం కంటె తక్కువ అని రాసిన్రు. నేను సంతకం పెడితే ఒప్పుకున్నట్టే గద?"

"మేడం, చదువంటె ఒక స్టాండర్డ్ ఉండాలె..."

ఆమె ఇంకో కార్డు తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. "ఇదేంది సార్?"

"పుంటికూర."

కార్డు తిప్పింది. గోంగూర.

"సారుకు సున్నా!" అని సుమన కేక పెట్టింది. బడంతా నవ్వింది. హెప్సిబా కూడా నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. సంతకం పని కాదు, నా పని.

మర్నాడు ఫారంలో తేదీ లేదని వెళ్లాను. రెండు రోజులాగి ముద్ర సరిగ్గా పడలేదని వెళ్లాను.

"సంతకమే లేని కాయితానికి ముద్ర ఎందుకు సార్?" అంది, నవ్వు ఆపుకుంటూ.

అంతలో అకాల వాన అందుకుంది. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. వరండాలో మేమిద్దరమే మిగిలాం. వానకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

"నా చిన్నప్పుడు మా అమ్మ నాయిన బొంబాయికి కూలికి పోయిన్రు సార్," అంది ఉన్నట్టుండి. "ఆడ బడిల నాకు వాళ్ల మాట రాదని ఎనక బెంచీల కూసబెట్టిన్రు. ఈ పిల్లలకు సొంతూర్లనే గా గతి పట్టాల్నా?"

నాకు సిగ్గేసింది. ఆమె మీద ఇష్టం కూడా అప్పుడే ముదిరింది. సగం తడిసి ఇల్లు చేరాను, పిచ్చివాడిలా నవ్వుకుంటూ.

ముప్పై ఒకటో తేదీ పొద్దున మా ఆఫీసరు జగదీశ్ సార్ టేబుల్ మీద ఒక కార్డు పెట్టాను.

"సంతకమేదయ్యా?"

"ముందు ఇదేందో చెప్పుండ్రి సార్."

"ఎలిగడ్డ. పరాచికాలా?"

తిప్పి చూపించాను. వెల్లుల్లి. "ఎలిగడ్డ అంటె సున్నా సార్," అన్నాను.

"అయితే ఎలిగడ్డ అనే మా అమ్మకు గూడ సున్నానేనా?" అన్నాడు సార్. "మన మాటకు గూడ మార్కు ఎయ్యాలని ఆర్డర్ టైప్ చెయ్యి. మిగిలిన పైసలతోని మన మాటలు కలిపి కొత్త కార్డులు కొట్టిద్దాం. బాధ్యత నాది. గని మాటల లిస్టు, ఆ టీచర్ సంతకం సాయంత్రం లోపల ఈడ ఉండాలె. లేకుంటె పైసలు పోతయి, నీ సంగతి గూడ చూస్త."

బండి మీద ఎలా వెళ్లానో నాకే తెలియదు. ఆర్డర్ చదివి హెప్సిబా ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇద్దరం కూర్చుని లిస్టు మొదలుపెట్టాం. అంగి, దర్వాజ, మక్కకంకి, ఉల్లిగడ్డ...

మూడున్నర అయింది. ఆమె ఇంకా రాస్తూనే ఉంది.

"దర్వాజ పైన రాసిన్రు గద మేడం?"

"అవునా?" అని కొట్టేసింది. కింద మళ్లీ దర్వాజ అనే రాసింది.

"ఏందో పరేషాన్ల ఉన్నట్టున్నరు?"

"లిస్టు అయిపోతె సంతకం పెట్టాలె." తల ఎత్తలేదు. "సంతకం అయినంక ఈ బడిల మీకేం పని ఉంటది సార్?"

ఇక దాచడం నా వల్ల కాలేదు.

"పనేం లేదు. నిన్ను చూడనీకి వస్త. నువ్వంటె నాకు పానం, హెప్సిబా. ఇన్ని రోజులు చెప్పినయన్ని సాకులే."

ఆమె ఫారం లాక్కుని గుండ్రంగా సంతకం చేసింది. బల్ల మీద నా వైపు జరిపింది.

"జల్ది పో. లేటయితె మీ సారు నీ పని పడ్తడు."

సార్ అనే పిలుపు పోయి నువ్వు వచ్చేసింది. ఇంకెక్కడ కదులుతాను?

"జవాబు చెప్పలె గద?"

"ఆదివారం ఈస్టర్. చర్చి అయినంక ఇంటికి రా. నాతోని అన్న మాటే మా అమ్మ నాయినతోని అను."

"వాళ్లు ఒప్పుకోకుంటె?"

"పిల్లల కోసం మీ ఆఫీసుతోనే కొట్లాడిన. నీ కోసం మా ఇంట్ల కొట్లాడలేనా?"

ఏం మాట్లాడానో, ఎప్పుడు బండెక్కానో గుర్తులేదు. ఊరు దాటాక గానీ తట్టలేదు, సంతకం పెట్టిన కాయితం ఆమె బల్ల మీదే వదిలేసి వచ్చానని.