నూట నలభై మూడు పేపర్ల డాక్టరమ్మ

"నైరోబీ హోటల్లో శవం దొరికింది. ఆడమనిషి. ముఖం పోల్చుకోలేం." చీఫ్ బ్యారుహంగ ఫైలు ముందుకు తోశాడు. "డాక్టర్ అచిరోది కావచ్చు. కాకపోవచ్చు."

"మరి నిన్న కంపాలాలో దిగిన డాక్టర్ అచిరో ఎవరు సార్?"

"అది తేల్చడానికే నిన్ను పిలిచింది."

ఏజెంట్ ఒపోలోత్ ఫైలు తెరిచాడు. ఇరవై రెండేళ్ళుగా విదేశంలో ఉన్న పరిశోధకురాలు. రోగనిరోధక శక్తి మీదా, ఊపిరితిత్తుల జబ్బుల మీదా నూట నలభై మూడు పేపర్లు. మంత్రి అనుమతితో ఈ ఉదయం పదకొండింటికి పరిశోధనశాల ఫ్రీజర్లోంచి ఆరు గొట్టాలు తీసుకెళ్తుంది. వాటిలో ఉన్నది మామూలు మందులకి లొంగని క్షయ క్రిములు.

"అవి ఏ ముఠా చేతికో చిక్కాయంటే ఊరు ఊరంతా దగ్గి చస్తుంది," అన్నాడు చీఫ్. "వేలిముద్రలు తేలేసరికి సాయంత్రమవుతుంది. ఈలోగా నిజం డాక్టర్ని ఆపామా, మంత్రి మన తోలు తీస్తాడు."

ఒపోలోత్ ఫైలు మూసేశాడు. నాలుగేళ్ళ కిందట అతనికొచ్చింది ఆ మాయదారి జబ్బే. నెలల తరబడి సూదులు పొడిస్తే జబ్బు పోయింది, దాంతోపాటు ఎడమ చెవి వినికిడీ పోయింది.

"ఇంకెవర్నైనా పంపండి సార్. నాకు నిజంగా భయమేస్తోంది."

"భయపడు, పర్లేదు. ఈ పెన్ను జేబులో పెట్టుకో. అక్కడి ప్రతి మాటా నేను వింటుంటాను, అవసరమైతే ఇందులోంచే మాట్లాడతాను."

పదిన్నరకి ఒపోలోత్ గుమాస్తా కోటు తొడుక్కుని పరిశోధనశాలలో కూర్చున్నాడు. ఫ్రీజర్ తాళాలు నాలోంగో దగ్గరున్నాయి. కవలల తల్లి కాబట్టి ఊరంతా ఆమెని అలాగే పిలుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే పని. అసలు సంగతి ఆమెకొక్కదానికే చెప్పారు.

డాక్టరమ్మ వచ్చింది. ఎత్తు మడమల చెప్పులు, ఎర్ర కిటెంగే అచ్చుగుడ్డ గౌను, గదంతా సెంటు వాసన. ఒపోలోత్ పేపర్ల జాబితా తీసి, వినిపించే కుడి చెవి ఆమె వైపు తిప్పి, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"రెండువేల పదకొండులో మేడమ్?"

"గని కార్మికుల ఊపిరితిత్తుల కణాలు. తొమ్మిది పేజీలు."

"పదిహేనులో?"

"పసిపిల్లల టీకా. మూడు పేపర్లు. ఒకటి తిప్పి పంపారు, మళ్ళీ రాశాం."

ఏది అడిగినా తడుముకోలేదు. పదీ యాభై అయింది. ఒపోలోత్ జాబితా చివరికొచ్చాడు. ఇంక అడగడానికేమీ లేక, జాలిపడి ఒక మాటన్నాడు.

"పాపం మేడమ్, మొదట్లో మీ పేరు ముందుండేది. ఈ పదేళ్ళూ ప్రతి పేపర్లోనూ ఆఖర్నే వేశారేంటి?"

ఆమె నిట్టూర్చింది. "ఏం చేస్తాం? పరాయి దేశం, పైగా ఆడదాన్ని. ఆఖర్న పడేశారు. నోరు మూసుకుని ఓర్చుకున్నాను."

అయ్యో అనుకున్నాడు ఒపోలోత్. ఫ్రీజర్ దగ్గర నాలోంగో చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె గొట్టాల పెట్టె తెచ్చి, అక్కడి మర్యాద ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని అందించి, లేచి వెళ్ళి తలుపుకి తాళం వేసింది.

"నాయనా, ఇది దొంగ డాక్టరు. పట్టుకో!"

ఆ మాట పూర్తికాకముందే ఆ ఆడది పెట్టెలోంచి ఒక గొట్టం పైకెత్తింది. "తలుపు తియ్యి ముసలీ! లేదంటే పగలగొడతా."

ఒపోలోత్ ఒళ్ళంతా ఆ పాత సూదుల నొప్పి మళ్ళీ పాకింది.

"పగలగొట్టు తల్లీ," అంది నాలోంగో. "నీ ముచ్చట నేనెందుకు కాదనాలి?"

ఆ ఆడది గొట్టం నేలకేసి కొట్టింది. గాజు చిట్లింది. ఒపోలోత్ గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టి, కళ్ళు మూసుకుని ఆమె మీదికి దూకాడు. చెయ్యి మెలితిప్పి సంకెళ్ళు వేశాడు.

నాలోంగో తాపీగా గుడ్డ తెచ్చి నేల తుడిచింది.

"ఉప్పునీళ్ళు నాయనా. అలాంటి మాట విన్నాక అసలు గొట్టాలు ఇస్తానా? మా పేపర్లలో మొదటి పేరు ఒళ్ళొంచి పని చేసినవాళ్ళది, ఆఖరి పేరు అందరికంటే పెద్దవాళ్ళది. ఆ ఆఖరి చోటు కోసం జుట్లు పట్టుకుంటారు. అచిరోగారిని నువ్వలా అడిగుంటే, నీ రెండో చెవి కూడా ఊడొచ్చేది." ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "ఆవిడ పేపరొకదాంట్లో నా పేరూ ఉంది, నడిమధ్యన. ఆ మహాతల్లిని చంపేశారన్నమాట."

పెన్నులోంచి చీఫ్ అరుస్తున్నాడు. "ఒపోలోత్! ఏమైంది? బతికున్నావా? మాట్లాడవేం?"

ఒపోలోత్ ముఖం ఉబ్బిపోయి, కళ్ళు తేలేసి చేతులూపుతున్నాడు. నాలోంగో కళ్ళు తుడుచుకుని అతని జేబు దగ్గరికి వంగింది.

"బతికే ఉన్నాడు సార్. ఊపిరి బిగబట్టాడు, వదిలాక మాట్లాడతాడు."