ఎడమపక్క గూడు

మంగళవారం. ఉదయం 10 గంటల 52 నిమిషాలు.

పుంగనూరు పొలిమేరలోని చెత్త ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో యశోదమ్మ చచ్చిపోయింది.

ఊరంతా తిరిగొచ్చిన చిన్న చెత్త బండ్లు అక్కడ ర్యాంప్ ఎక్కుతాయి. రెండు గోడల మధ్య వెనక్కి వెళ్లి, అంచు దగ్గర ఆగి, కింద నిలబెట్టిన పెద్ద కంటైనర్‌లోకి చెత్త గుమ్మరిస్తాయి. విజిల్ ఊది, చెయ్యి ఊపి, బండిని అంచు దాటకుండా ఆపించడం యశోదమ్మ ఉద్యోగం. పద్నాలుగు నెలలుగా అదే పని. రోజుకు నలభై బండ్లు.

ఆ రోజు పదిహేడో బండి ఆమెను గోడకేసి నొక్కేసింది.

సి.ఐ. నీలిమ 11.20కి వచ్చింది. వెంట హెడ్ కానిస్టేబుల్ ఆదెప్ప. శవం కుడిపక్క గోడ కింద ఉంది. ఎవరో దుప్పటి కప్పారు. నేలంతా కుళ్లిన టమోటాలు. మార్కెట్ చెత్త దిగిన రోజు అక్కడ కాలు పెడితే జారుతుంది. నీలిమ బూటు కూడా జారింది.

కాంట్రాక్ట్ కంపెనీ సూపర్‌వైజర్ కిషోర్ ఫైలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. మనిషి పోయిన అరగంటకే ఫైలు దొరికిందంటే, కంపెనీవాళ్లు మరీ అంత చేతకానివాళ్లు కాదన్నమాట.

"బండి నడిపిందెవరు?"

"తాహిర్ అని డ్రైవర్, మేడమ్. రెండేళ్లుగా ఉన్నాడు."

"తాగాడా?"

"లేదు మేడమ్. మీవాళ్లు ఊదించి చూశారు."

"కెమెరా?"

"ఉంది. కాటా మీదికి తిప్పి ఉంది. ఇటు లేదు."

"ఈమె నిలబడాల్సిన చోటు ఇదేనా?"

"కాదు మేడమ్. అదిగో, అక్కడ."

కిషోర్ ఎడమపక్క గోడ చూపించాడు. గోడలో మనిషి ఒదిగి నిలబడేంత గూడు కట్టారు. గూట్లో నేల మీద పసుపు పెయింట్‌తో రెండు పాదాల బొమ్మ. పైన 'సేఫ్టీ పాయింట్' అని బోర్డు. బండి ఎంత పక్కకొచ్చినా ఆ గూట్లో ఉన్న మనిషికి తగలదు. కుడిపక్క గోడకు అలాంటిదేమీ లేదు.

"అక్కడే నిలబడాలని సర్క్యులర్ చదివి వినిపించా మేడమ్. సంతకం కూడా పెట్టింది. చూడండి. ఆమె నిర్లక్ష్యానికి మేమేం చేస్తాం?"

"ఎప్పుడు వినిపించావు?"

"నిన్న పొద్దున."

"పద్నాలుగు నెలల్లో నిన్ననే గుర్తొచ్చిందా?"

"హెడ్డాఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్ ఉందన్నారు మేడమ్," అన్నాడు కిషోర్. గొంతు తగ్గింది.

ఆదెప్ప టేపుతో కొలతలు తీశాడు. ఫొటోలు తీయించాడు. అంతలో ర్యాంప్ కింది నుంచి ఒకమ్మాయి అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. యశోదమ్మ కూతురు దీప. ఇరవై రెండేళ్లుంటాయి. టమోటా మండీలో గ్రేడింగ్ పనికి పోతుంది. టమోటా రసం అంటిన చేతులతోనే వచ్చింది.

"మా యమ్మను కావాలనే సంపినాడు మేడమ్ ఆ తాహిర్!"

"ఎట్లా చెప్తున్నావమ్మా?"

"నిన్న కొట్లాడినారు. నలుగురిలో మా యమ్మ మీద అరిసినాడంట. 'రేపు కూడా ఇట్లే చేస్తే సూడు' అన్న్యాడంట. రేత్రి అన్నం కూడా తినకుండా ఏడిసింది. ఈ పొద్దు చంపేసినాడు. ఇంకేం సాక్ష్యం గావాల మీకు?"

"ఎందుకు అరిచాడో చెప్పిందా?"

"చెప్పల్యా. మా యమ్మ నోట్లో నాలిక లేని మనిషి మేడమ్. ఎవురు తిట్టినా పడేదే."

దీప దుప్పటి పక్కన కూలబడింది. నీలిమ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి ఆగింది. ఇలాంటి చోట పోలీసు చెయ్యి ఎవరికి ఓదార్పవుతుంది?

సాయంత్రం 4.10కి తాహిర్‌ను అరెస్టు చేశారు. ఇరవై నాలుగు గంటల్లో కోర్టులో హాజరుపెట్టాలి. సెక్షన్ 103 పెడితే హత్య. జైలుకే. 106 పెడితే నిర్లక్ష్యం. స్టేషన్ బెయిల్ మీద ఇంటికి పోవచ్చు. తాహిర్‌కు ఇంట్లో భార్య ఫిజా, బడికెళ్లే ఇద్దరు ఆడపిల్లలు. ఫిజా స్టేషన్ అరుగు మీద కొంగు కప్పుకుని కూర్చుంది. ఎవరినీ ఏమీ అడగలేదు.

"ఏమప్పా తాహిర్. నిన్న ఆమె మీద అరిచావా?"

"అరిసినాను మేడమ్."

"ఎందుకు?"

తాహిర్ చొక్కా అంచు మడతపెట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఈ రోజు ఆమె నీకు కనబడిందా?"

"కనబడింది. రోజూ నిలబడే చోటే నిలబడుకొనింది. కిటికీలోంచి తల బైటపెట్టి ఆమెనే సూస్తా వస్తాండాను. వెనక చక్రం టమోటాల మీద జారింది. బండి అడ్డం తిరిగె. అంతే మేడమ్."

"నిన్న గొడవ దేని గురించి?"

తాహిర్ గోడ వైపు తిరిగాడు. ఎంత అడిగినా అంతే. దాచేవాడు దోషే అని ఆదెప్ప తేల్చేశాడు.

"103 పెట్టేద్దాం మేడమ్. బయట జనం గూడా అదే అడగతాండారు."

నీలిమ ఫొటోలు ముందేసుకుని కూర్చుంది. శవం. బండి. గోడ. బండి ఎడమపక్క వేలాడుతున్న రెండు గోతాలు. ఇంటింటికీ తిరిగేటప్పుడు ఇళ్లు ఎడమచేతి వైపే వస్తాయి కాబట్టి, ప్లాస్టిక్ సీసాలూ అట్టలూ వేరుగా వేయడానికి డ్రైవర్లందరూ ఆ పక్కనే గోతాలు కట్టుకుంటారు. పొద్దెక్కేసరికి అవి నిండి ఉబ్బిపోతాయి.

ఆఖరి ఫొటో పసుపు పాదాలది. నీలిమ దాన్ని చాలాసేపు చూసింది.

కిషోర్‌కు ఫోన్ చేసింది. "ఆ పాదాల బొమ్మ ఎప్పుడు వేశారు?"

"స్టేషన్ కట్టినప్పుడే మేడమ్. పద్నాలుగు నెలలు."

"మళ్లీ పెయింట్ వేశారా?"

"లేదు మేడమ్."

"స్టేషన్ కట్టడానికి డ్రాయింగ్ ఎక్కడిది?"

"కుప్పం దగ్గర మా కంపెనీదే ఇంకోటుంది. అదే డ్రాయింగ్. కన్సల్టెంట్ ఇచ్చాడు. మదనపల్లెలో కట్టేది కూడా అదే."

బుధవారం ఉదయం 6 గంటలకు జీపు బయలుదేరింది. పలమనేరు, వి.కోట మీదుగా 8.15కి కుప్పం చేరింది. అక్కడి ర్యాంప్ మీద విజిల్ ఊదే మనిషి మునిరత్నం. అరవై దగ్గరపడిన బక్కమనిషి. గూట్లో నిలబడి బండిని వెనక్కి రప్పిస్తున్నాడు. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి అతన్నే చూస్తున్నాడు. బండి దిగిపోయాక నీలిమ గూటి దగ్గరికి వెళ్లి కింద చూసింది. పసుపు పాదాల్లో మడమల ముక్క మాత్రం మిగిలింది. తక్కినదంతా ఉత్త సిమెంటు.

"మూడు తూర్లు పూసినారు మేడమ్," అన్నాడు మునిరత్నం. "దినామూ ఈడనే గదా నిలబడేది. అరిగిపోతాది."

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా ఇక్కడ?"

"ఒకతూరి బండి జారి గోడకు కొట్టుకొనింది. నేను గూట్లో ఉండాను. గీత గూడా పడల్యా."

నీలిమ మునిరత్నం నిలబడిన చోటు చూసింది. డ్రైవర్ కూర్చునే సీటు చూసింది. నాలుగు ఫొటోలు తీసి జీపెక్కింది.

మధ్యాహ్నం 2.15. పుంగనూరు ర్యాంప్. కిషోర్ వచ్చాడు. దీప వచ్చింది. తాహిర్‌ను ఆదెప్ప తీసుకొచ్చాడు. ఇంకా రెండు గంటలు కూడా టైం లేదు.

"కిషోర్, ఆ బండెక్కు. డ్రైవర్ సీట్లో కూర్చో."

కిషోర్ ఎక్కాడు. నీలిమ ఎడమపక్క గూట్లోకి వెళ్లి పసుపు పాదాల మీద నిలబడింది.

"కనబడుతున్నానా?"

"లేదు మేడమ్. గోతాలు అడ్డమున్నాయి."

ఆదెప్ప గోతాలు పక్కకు జరిపాడు.

"ఇప్పుడు? అద్దంలో చూడు."

"మోచెయ్యి... మోచెయ్యి ఒకటి కనబడుతోంది."

"చెయ్యి ఊపుతున్నా. చూశావా?"

"లేదు మేడమ్."

నీలిమ కుడిపక్క గోడ దగ్గరికి వెళ్లింది. యశోదమ్మ చచ్చిపోయిన చోట నిలబడింది.

"ఇప్పుడు?"

"పూర్తిగా కనబడుతున్నారు."

"దిగు."

నీలిమ ఫోన్ తీసి కుప్పం ఫొటో చూపించింది.

"కుప్పంలో గూడు కుడిపక్క ఉంది. డ్రైవర్ పక్క. మనిషి గూట్లోనే ఉంటాడు, డ్రైవర్‌కు కళ్లెదురుగానే ఉంటాడు. ఇక్కడ రోడ్డు ఆ చివర ఉంది కాబట్టి కంప్యూటర్లో డ్రాయింగ్‌ను అద్దంలో బొమ్మలాగా తిప్పేశారు. గేటు తిరిగింది, మెట్లు తిరిగాయి, గూడు కూడా ఎడమపక్కకు తిరిగింది. బండి స్టీరింగ్ మాత్రం కుడిపక్కే ఉంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు ఆ డ్రాయింగ్ మీద ఎంతమంది సంతకాలు పెట్టారో చూడు, కిషోర్. నీ ఫైల్లో ఆరున్నాయి."

నీలిమ గూటి ముందు వంగి కింద చూపించింది.

"నిన్న నేనూ చూసి వదిలేశా. ఈ పసుపు పాదాలు కొత్తగా ఉన్నాయి. పద్నాలుగు నెలల్లో ఎవరూ వీటి మీద నిలబడలేదు. నిలబడితే డ్రైవర్‌కు కనబడరు, బండి అంచు దాటి కంటైనర్‌లో పడుతుంది. యశోదమ్మకు ఆ సంగతి మొదటి వారమే తెలిసి ఉంటుంది. సోమవారం ఒక్కరోజు నిలబడింది, నువ్వు సర్క్యులర్ చదివావని. సోమవారం ఏమైంది, తాహిర్?"

తాహిర్ అంచున కట్టిన దిమ్మె వైపు చెయ్యి చూపించాడు.

"ఆమె కనబడల్యా మేడమ్. విజిల్ ఇనపడతాది, రేకుల షెడ్డులో ఏ పక్కనుంచి వస్తాండాదో తెలీదు. అంచు దిమ్మె నాలుగంగుళాలే. లోడు బండి వెనక చక్రం దాన్ని దాటేసింది. ఒక్క జానెడు. పానం పోయినంత పనాయె. దిగి అరిసినాను. 'నాకు పిల్లోల్లుండారు, నన్ను సంపాలనుకున్న్యావా? రేపు కూడా ఇట్లే చేస్తే సూడు, కుడిపక్కకు రా' అన్న్యాను."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నేను రమ్మంటేనే గదా ఆమె ఈ పక్కకొచ్చింది. ఏ నోటితో చెప్పేది మేడమ్? అక్కా అని పిలిస్తే పలికేది. ఇంటి నుంచి నాకు సద్దిసంగటి తెచ్చేది." తాహిర్ దీప వైపు చూడలేక నేల మీద కూర్చున్నాడు. "103ఏ పెట్టండి."

దీప ఏడవలేదు. గూటి వైపు చూసింది, గోడ వైపు చూసింది, బండి వైపు చూసింది.

"అయితే మా యమ్మను సంపింది ఎవురు మేడమ్?"

నీలిమ ఇరవై ఏళ్ల సర్వీసులో ఈ ప్రశ్నకు చాలాసార్లు జవాబు చెప్పింది. ఈసారి ఫైలు తెరిచి ఆరు సంతకాలు చూపించింది. దీప ఆ గజిబిజి గీతల్ని వేలితో ఒక్కొక్కటే తాకి చూసి, ఫైలు తిరిగి ఇచ్చేసింది.

3.40కి 106 రాశారు. తాహిర్ బెయిల్ మీద ఫిజాతో ఇంటికి వెళ్లాడు. ముద్దాయిల్లో కిషోర్ పేరు కూడా చేరింది. కిషోర్ జీతం తాహిర్ జీతానికి నాలుగు వేలు ఎక్కువ. డ్రాయింగ్ గీసినవాళ్లను చేర్చాలని నీలిమ పైకి రాసింది. నిపుణుల అభిప్రాయం కావాలని ఆ కాగితం తిరిగొచ్చింది. నిపుణుల అభిప్రాయం అడిగితే పన్నెండో రోజున వచ్చింది. డ్రాయింగ్ నిబంధనల ప్రకారమే ఉందట. సేఫ్టీ పాయింట్ చూపించారట. మృతురాలు అందులో నిలబడలేదట. అది చదివి నీలిమ టేబుల్ మీద కొట్టింది. టీ గ్లాసు పడింది, అంతకంటే ఏమీ కాలేదు.

మదనపల్లె వెళ్లి చూసింది. అక్కడ కట్టేదీ తిప్పిన డ్రాయింగే, ఎడమపక్కే గూడు. కాంక్రీటు గట్టిపడిపోయింది. మార్చాలంటే మళ్లీ అప్రూవల్ కావాలనీ, ఓపెనింగ్ తేదీ ఇచ్చేశారనీ సైట్ ఇంజనీరు మర్యాదగానే చెప్పాడు. కాఫీ కూడా ఇప్పించాడు.

పదిహేనో రోజు ఉదయం నీలిమ పుంగనూరు ర్యాంప్ మళ్లీ ఎక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నాలుగు కొత్త బోర్డులు పెట్టారు. 'భద్రతే ముఖ్యం' అని. అంచు దగ్గర కొత్త జాకెట్ వేసుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. దీప.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"అమ్మ ఉద్యోగం నాకిచ్చినారు మేడమ్. కంపెనీవోల్లు దయ తలిసినారంట. మండీ పని సీజన్‌లోనే గదా ఉండేది. తమ్ముడు ఇంటర్ చదవతాండాడు."

నీలిమ కుడిపక్క గోడ వైపు చూసింది.

"తాహిరన్న ఇంటికొచ్చినాడు," అంది దీప. "కుడిపక్క నిలబడొద్దు తల్లీ అని ఏడిసినాడు. ఎడమపక్క నిలబడితే బండి పడిపోతాదని గూడా ఆయప్పే చెప్పినాడు. మీరు అన్నీ సూసినోల్లు గదా మేడమ్. చెప్పండి. నేను యాడ నిలబడాల?"

కింద బండి హారన్ కొట్టింది. నీలిమ తానే ముందుకెళ్లి, డ్రైవర్ కిటికీ పట్టుకుని, బండితోపాటు వెనక్కి నడుస్తూ అరిచి అరిచి ఆపించింది. దీపను ర్యాంప్ మొదట్లోనే నిలబెట్టింది. అలా తొమ్మిది బండ్లు. యూనిఫాం నిండా టమోటా మరకలు. గొంతు పోయింది.

10.40కి స్టేషన్ నుంచి ఫోన్. బైపాస్‌లో యాక్సిడెంట్, వెంటనే రమ్మని. నీలిమ ఫోన్ జేబులో పెట్టి, రాబోయే బండి వైపు చూసింది.

"పోండి మేడమ్," అంది దీప. "మీరు దినామూ రాలేరు గదా. నేను సూసుకుంటాలే."

పదో బండి ర్యాంప్ ఎక్కుతోంది. దీప జాకెట్ సర్దుకుని కుడిపక్క గోడ వైపు నడిచింది.