తలుపు లేని గొంతు

"ఈయన బతకడేమో."

సలోమి సిస్టర్ అనదలచుకున్న మాట అది కాదు. రేపు గుండె ఆపరేషన్ జరగవలసిన చలపతి మంచం మీంచి తల ఎత్తి, "నాకేం కాదు కదమ్మా?" అని అడిగాడు. రోజూ అందరికీ చెప్పినట్టే "ఏం కాదండీ" అనబోయింది. ఆమె మెడకున్న పెట్టె ఇంకో మాట పలికింది.

ఆ పెట్టె పేరు గళం. కేన్సర్ వల్ల స్వరపేటిక తీసేసినవాళ్ళకి ఆ కాలంలో అదే గొంతు. చెవి వెనక అతికించిన సెన్సర్లు మెదడులో పుట్టే మాటని పట్టుకుంటే, పెట్టె దాన్ని పైకి పలికేది. అయితే మనసులో తోచినవన్నీ పైకి అనేవి కావు కదా. అనాలనుకున్న మాటనీ, ఊరికే తోచిన మాటనీ వేరుచేసే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, ఒకటి బయటి సర్వర్ నుంచి వచ్చేది. దాన్ని గేటు అనేవారు. ఆ ఉదయం గేటు పనిచెయ్యలేదు.

సలోమి రెండు చేతులతో పెట్టెని మూసింది.

"అయ్యో, విన్నాడు. ఆయన భార్య కూడా విన్నది. మొన్న పక్క మంచం ఆయనా ఇలాగే అడిగాడు, పోయాడు. ఆగిపో. ఆగిపో."

పెట్టెని ఆపడానికి మనసులో "ఆగిపో" అనుకుంటే చాలు. కానీ గేటు దాటితేనే అది ఆజ్ఞ అవుతుంది. గేటు లేదు గనక పెట్టె ఆ మాటనీ మామూలు మాటలాగే పలికేసింది.

సలోమి వార్డులోంచి పరుగెత్తింది. గళాన్ని తయారుచేసిన నిరుపమ ల్యాబు అదే ఆస్పత్రి కింది అంతస్తులో ఉంది.

"కూర్చోండి సిస్టర్, చూస్తాను," అంది నిరుపమ, సంగతి అర్థమై.

"ఈ అమ్మాయికి చేతకాదు. మరీ చిన్నపిల్ల," అంది పెట్టె.

సలోమి సిగ్గుతో చేతులు జోడించింది. నిరుపమ పట్టించుకోకుండా పెట్టెని తన కంప్యూటర్‌కి తగిలించింది.

"గేటు ఫైలు రాలేదేమో అనుకున్నాను," అంది కాసేపటికి. "వచ్చింది. ఎర్రర్ ఒక్కటీ లేదు. అదే నాకు భయంగా ఉంది."

ఏదీ తలుచుకోకూడదని సలోమి కళ్ళు మూసుకుంది. తలుచుకోకూడనిదే ముందుకు తోసుకొచ్చింది.

"ఇలాగే ఉండిపోతే ఇంటికెలా వెళ్ళను? మా ఆయన్ని చూసినప్పుడు ఒక్కోసారి..."

ఆమె గబగబా ఎక్కాలు పట్టుకుంది. ల్యాబులో పెట్టె గొంతు ఒక్కటే వినిపిస్తోంది. "పదమూడొకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు..."

తప్పు దొరికింది. ఇదివరకు కొత్త మార్పు వచ్చినప్పుడల్లా పెట్టెని నడిపే వెబ్ పేజీ మొత్తం మళ్ళీ లోడ్ అయ్యేది. అంతసేపూ మనిషికి గొంతు ఉండేది కాదు. ఆ ఇబ్బంది పోవాలని నిరుపమ కొత్తగా ఏజాక్స్ అనే పద్ధతి పెట్టింది. మారిన ముక్కని మాత్రమే తెప్పించి పేజీలో అతికించడం దాని పని. కానీ అలా అతికించిన ముక్కలో స్క్రిప్టు ఉంటే, అది తనంతట తాను నడవదు. ఉత్త అక్షరాల్లా పడి ఉంటుంది.

"వంటావిడ ఇంట్లోకొచ్చి కూర్చుంది. పొయ్యి వెలిగించమని నేనే చెప్పలేదు," అంది నిరుపమ.

స్క్రిప్టుని నడిపించే ట్యాగు ఒకటి కొత్తగా సృష్టించి, దానికి గేటు ఫైలు చిరునామా ఇచ్చి, పేజీకి తగిలించింది. అది లోడ్ అయిందన్న కబురు అందేదాకా గొంతు తెరవొద్దని ఇంకో లైను రాసింది. పెట్టె ఎక్కం మధ్యలో ఆగిపోయింది.

"థాంక్సమ్మా," అంది సలోమి. అనాలనుకున్నది అంతే. వచ్చిందీ అంతే. ఆమె ఏడ్చేసింది.

వార్డుకి తిరిగొచ్చేసరికి చలపతి భార్య సంచి సర్దుతోంది. ఆపరేషన్ వద్దంటున్నాడట.

"చలపతిగారూ, అది నాకు తెలిసిన సంగతి కాదు, నా భయం," అంది సలోమి. "ప్రతి పేషెంటుకీ భయపడతాను. మీ రిపోర్టులు బాగున్నాయి. చేయించుకోకపోతేనే ప్రమాదం."

ప్రతి మాటా నిజమే. చలపతి మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"బాగుచేయించారా తల్లీ?" అన్నాడు.

"చేయించానండీ."

"అయ్యో," అన్నాడాయన, భార్య వైపు తిరిగి. "ఇంక ఈవిణ్ణి అడిగి లాభం లేదు. పద, వెళ్దాం."